గల్లాపెట్టె పక్కన హుండీ

1938 జనవరి ఆఖర్లో వాషింగ్టన్ తపాలా వాళ్లకి ఎన్నడూ లేని కష్టం వచ్చిపడింది. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పేరిట వైట్‌హౌస్‌కి మామూలుగా రోజుకి అయిదు వేల ఉత్తరాలు వచ్చేవి. అలాంటిది ఒకరోజు ముప్ఫై వేలు, మర్నాడు యాభై వేలు, ఆ మర్నాడు లక్షా యాభై వేలు వచ్చాయి. కవరు చించితే లోపల డైమ్, అంటే పది సెంట్ల చిన్న వెండి నాణెం. కొందరు దాన్ని కేకులో పెట్టి పంపారు, కొందరు మైనంలో అద్ది పంపారు, కొందరు డబ్బాల్లో కుక్కి పంపారు. ఈ గుట్టల్లో సర్కారు ఉత్తరాలు ఎక్కడున్నాయో దొరక్క సిబ్బంది తలలు పట్టుకున్నారు. అంతా అయ్యాక లెక్క తేలింది: 26,80,000 నాణేలు, అంటే 2,68,000 డాలర్లు.

రూజ్‌వెల్ట్‌కి 1921లో, 39వ ఏట కాళ్లు పడిపోయాయి. పోలియో అని డాక్టర్లు తేల్చారు. ఆ జబ్బు అంతు చూడాలని 1938 జనవరిలో ఆయన ఒక జాతీయ సంస్థ పెట్టించాడు. దానికి నిధులు కావాలి. రేడియో హాస్యనటుడు ఎడ్డీ కాంటర్ ఒక ఉపాయం చెప్పాడు. శ్రీమంతుల చుట్టూ తిరగడం ఎందుకు, దేశంలో ప్రతివాడినీ ఒక్క డైమ్ అడుగుదాం అన్నాడు. అప్పట్లో సినిమాహాళ్లలో ‘మార్చ్ ఆఫ్ టైమ్’ అనే న్యూస్‌రీల్ ఆడేది. దాని మీద విసురుగా దీనికి ‘మార్చ్ ఆఫ్ డైమ్స్’ అని ఆయనే పేరు పెట్టాడు. తర్వాతి ఏళ్లలో ఆ నాణేలు ఉత్తరాల్లోంచి కొట్ల మీదకి దిగాయి. డైమ్ సరిగ్గా పట్టేలా గాట్లు పెట్టిన అట్టలు, పైన చీలిక ఉన్న డబ్బాలు, వాటి మీద చంకకర్రలతో నవ్వుతున్న పిల్లల బొమ్మలు మందుల షాపుల్లోనూ కిరాణా కొట్లలోనూ గల్లాపెట్టె పక్కన కూర్చున్నాయి. సినిమా మధ్యలో దీపాలు వేసి వరసల్లో డబ్బా తిప్పేవారు. 1954లో 18 లక్షల మంది పిల్లలతో జరిగిన పోలియో టీకా పరీక్షలకు, 1955 ఏప్రిల్ 12న ఆ టీకా పనిచేస్తుందని లోకానికి చెప్పడానికి వెనకున్న డబ్బు చాలామటుకు ఇలా పోగైనదే. రూజ్‌వెల్ట్ పోయిన మరుసటి ఏడు, 1946లో, అదే డైమ్ మీద ఆయన బొమ్మ వేశారు.

ఇవాళ అమెరికాలో ఏ పెద్ద దుకాణానికి వెళ్లినా బిల్లు కట్టేచోట కార్డు గీకే యంత్రం మీద ఒక ప్రశ్న కనిపిస్తుంది. మీ బిల్లు 23 డాలర్ల 40 సెంట్లు, 24 చేసి మిగతా 60 సెంట్లు పిల్లల ఆసుపత్రికి ఇస్తారా? కింద అవును, కాదు అని రెండు మీటలు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగువాళ్లకి ఇది అలవాటైపోయిన ప్రశ్న. మన ఫోన్లలోనూ సినిమా టికెట్టు కొనేటప్పుడు, అన్నం తెప్పించుకునేటప్పుడు ఒకటో రెండో రూపాయల రూపంలో ఇదే ఎదురవుతోంది. కొత్త చిరాకు అనిపించే ఈ అలవాటు నిజానికి నూటముప్ఫై ఏళ్ల పైబడినది. అడిగేవాడు మొదటినుంచీ ఒక్కటే నమ్ముకున్నాడు: మనిషి పర్సు అప్పటికే తెరిచి ఉన్నచోట నిలబడాలి. ఆ నిలబడే తీరు, పోగైన డబ్బు ఎవరి చేతుల్లోంచి పోతుందన్నది మాత్రం మారుతూ వచ్చాయి.

1891 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థకి చెందిన జోసెఫ్ మెక్‌ఫీ అనే కెప్టెన్, క్రిస్మస్ రోజున వెయ్యిమంది పేదలకు భోజనం పెడతానని మాటిచ్చాడు. మాటిచ్చాక డబ్బు లేదని గుర్తొచ్చింది. ఒకప్పుడు నావికుడిగా ఇంగ్లండు లివర్‌పూల్ రేవులో చూసిన సంగతి కూడా గుర్తొచ్చింది. అక్కడ ఓడల మెట్ల దగ్గర ‘సింప్సన్ కుండ’ అని ఒక పెద్ద పాత్ర ఉండేది. వచ్చేపోయేవాళ్లు అందులో చిల్లర వేసేవారు. మెక్‌ఫీ కూడా మార్కెట్ స్ట్రీట్ చివర, ఓక్లండ్ పడవలు ఆగేచోట ఒక కుండ పెట్టాడు. పడవ టికెట్టు కొని చిల్లర చేతిలో పట్టుకుని నడిచే జనం ఎదురుగా! వెయ్యిమందికీ భోజనం దొరికింది. కొద్ది ఏళ్లలోనే బోస్టన్‌కీ తర్వాత దేశమంతటికీ ఆ కుండ పాకింది. ఎర్రరంగు, మూడుకాళ్ల గడ, పక్కన గంట వాయించే మనిషి, వీటితో క్రమంగా పెద్ద దుకాణాల గుమ్మాల దగ్గర స్థిరపడింది. ఈ సాల్వేషన్ ఆర్మీ మనకి పరాయిదేమీ కాదు. 1882లో భారతదేశానికి వచ్చి, మన బాపట్ల, నిడుబ్రోలు ప్రాంతాల్లో ఆసుపత్రులూ బడులూ నడిపింది. తెల్లదొరలు ‘నేరస్థ జాతులు’ అని అన్యాయంగా ముద్రవేసిన ఎరుకల కుటుంబాల్ని స్టూవర్టుపురంలో ఉంచి, ఆ సెటిల్‌మెంటు కాపలా అప్పగించిందీ దీనికే. ఆ కథ వేరు, అంత మెచ్చుకోదగ్గదీ కాదు.

అదే 1891లో, ఇంగ్లండు మాంచెస్టర్‌లో చార్లెస్ మకారా అనే నూలుమిల్లు పెద్దమనిషి మరో దారి తొక్కాడు. అంతకు అయిదేళ్ల ముందు, 1886 డిసెంబరులో, ‘మెక్సికో’ అనే జర్మన్ ఓడని కాపాడబోయి 27 మంది లైఫ్‌బోటు పడవవాళ్లు సముద్రంలో పోయారు. వాళ్ల కుటుంబాలకు, పడవల సంస్థకు నిధులు కావాలి. అప్పటిదాకా ఆ సంస్థ కొద్దిమంది ధనవంతుల చందాల మీద నడిచేది. మకారా అక్టోబరులో ఒక శనివారం లైఫ్‌బోట్లనే వీధుల్లో ఊరేగించాడు. ఆడవాళ్లు పొడుగాటి గడకర్రలకు సంచులు కట్టి మేడ కిటికీల దగ్గరకీ ట్రాముల పైఅంతస్తుల దగ్గరకీ చాచారు. ఒక్కరోజులో అయిదు వేల పౌన్లు దాటాయి.

ఇక్కడిదాకా ఉన్నది చాచిన చెయ్యి. దానికి బదులుగా చేతిలో ఏదో ఒకటి పెట్టి అడిగే పద్ధతి డెన్మార్క్‌లో ఒక తపాలా గుమాస్తా బుర్రలో పుట్టింది. ఐనర్ హోల్‌బోల్ క్రిస్మస్ గ్రీటింగ్ కార్డుల కట్టల మీద ముద్రలు గుద్దుతూ, ప్రతి కవరు మీదా ఇంకో చిన్న బిళ్ల అంటిస్తే ఎంత డబ్బు అని ఆలోచించాడు. 1904లో క్షయ రోగుల కోసం తొలి క్రిస్మస్ బిళ్లలు అమ్మకానికి వచ్చాయి. మొదటి ఏడే నలభై లక్షలు దాటి అమ్ముడుపోయాయి. డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో పేరుపడ్డ పాత్రికేయుడు జాకబ్ రీస్ 1907లో ఈ సంగతి ఒక పత్రికలో రాశాడు. ఆయన అన్నదమ్ములు ఆరుగురు క్షయతో పోయారు. అందుకే ఆ రాతకి అంత పదును.

దాన్ని చదివినవాళ్లలో డెలావేర్ రాష్ట్రపు ఎమిలీ బిస్సెల్ ఒకరు. బ్రాండీవైన్ నది ఒడ్డున డాక్టరైన ఆమె బంధువు ఒకాయన నడిపే క్షయ వైద్యశాల మూతపడే స్థితిలో ఉంది. కావలసింది 300 డాలర్లు. ఆమె తనే బిళ్ల గీసి, నలభై డాలర్లు అప్పుచేసి, యాభై వేలు అచ్చువేయించింది. 1907 డిసెంబరు 7న విల్మింగ్టన్ తపాలా కచేరీలో ఒక బల్ల వేసుకుని కూర్చుంది. స్టాంపులు కొనడానికి వచ్చినవాళ్ల చేతుల్లో ఎటూ చిల్లర ఉంటుంది. బిళ్ల ఖరీదు ఒక సెంటు. అంటిస్తే కవరుకు అందం, మందులకు డబ్బు. మొదట్లో నత్తనడక నడిచింది. ఫిలడెల్ఫియా పత్రిక ఒకటి పూనుకుని రోజూ రాయడం మొదలుపెట్టాక జనం ఎగబడ్డారు. 300 అనుకున్నది 3,000 డాలర్లయింది. బల్ల దగ్గర ఒక్క సెంటు అడిగితే చాలు, ఊరంతా కదులుతుందని అమెరికాకి తెలిసింది అప్పుడే.

క్షయ పోరాటంలో డెన్మార్క్ వాళ్ల పేరు చిత్తూరు వైపు వాళ్లకి కొత్త కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియానికి మొదటి పెద్ద డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోల్లర్ డేనిష్ దేశస్థుడే. మనదేశంలో క్షయ నివారణ సంఘం 1939లో ఏర్పడితే, 1950 నుంచి ఏటా గాంధీజయంతినాడు ‘టి.బి. సీల్’ అమ్మకం మొదలయ్యేది. బడిలో అయ్యవారు పిల్లల చేతికి బిళ్లల షీటిచ్చి, అమ్ముకు రమ్మని పంపేవారు. చాలామంది ఇళ్లలో నాన్నే మొత్తం షీటు కొని పడేసేవారు! 1949 నుంచి డిసెంబరు 7న సైనికుల కోసం పతాక దినం కూడా ఇలాగే గుండుసూదికి గుచ్చిన కాగితపు జెండాలతో గడిచేది. అడిగినదానికీ బలవంతానికీ తేడా తెలియాలంటే 1971 చూడాలి. బంగ్లాదేశ్ నుంచి కోటిమంది దాకా శరణార్థులు వస్తే, ఆ ఏడు నవంబరు 15 నుంచి ప్రతి ఉత్తరం మీదా అదనంగా అయిదు పైసల శరణార్థి సహాయ స్టాంపు అంటించడం తప్పనిసరి చేశారు. 1973 మార్చి ఆఖరుదాకా ఇది నడిచింది. ఇస్తారా అన్న ప్రశ్నే లేదు. అది దానం కాదు, పన్ను.

పన్నుకీ దానానికీ మధ్య నడిచే అలవాటొకటి మన వర్తకంలో చాలా పాతది. కాకతీయుల నాటి శాసనాల్లో వర్తక సమూహాలు తమ సరుకుల మీద గుడికి బస్తాకింత, పెరికకింత, ఇన్ని తమలపాకులకు ఇంత అని రాసిచ్చిన దాఖలాలున్నాయి. కోస్తా వర్తకులు దీన్ని మగమ అన్నారు. అరవదేశంలో నాడార్లు మహమై అన్నారు, ఆ సొమ్ముతోనే 1885లో విరుదునగరులో బడి పెట్టారు. ఉత్తరాదిన దీని పేరు ధర్మాదా. బిల్లులో సరుకు ఖరీదు, కూలి, తూకం, ఆ కింద ధర్మాదా అని ఒక వరస. కొన్నవాడు అదీ కలిపి ఇచ్చేవాడు. ఆ డబ్బుతో సత్రాలు, చలివేంద్రాలు, గోశాలలు, పాఠశాలలు నడిచేవి. బిల్లుని పై డాలరుకి చేర్చి తేడా అడిగే ఇప్పటి అమెరికా దుకాణాల ‘రౌండప్’కి ఎంతో ముందే గల్లాపెట్టె దగ్గర ధర్మం అడిగిన దేశం మనది. కాకపోతే అడగడం తక్కువ, వేసెయ్యడం ఎక్కువ.

వేసెయ్యడంలో అన్యాయమూ ఉండేది. పంట అమ్ముకోడానికి వచ్చిన రైతు లెక్కలో కూడా దళారి ధర్మం పేరుతో కోత పెట్టేవాడు. రైతుకి ఆ గోశాల ఎక్కడుందో తెలీదు, ఆ సత్రంలో ఎన్నడూ పడుకోడు. సత్రం ముందు శిలాఫలకం మీద పేరు మాత్రం షావుకారుది! 1928లో వచ్చిన రాయల్ వ్యవసాయ కమిషన్ నివేదిక ఇలాంటి కోతల్ని ఎత్తిచూపింది. నిజాం రాష్ట్రంలో 1930లోనూ, మద్రాసు రాష్ట్రంలో 1933లోనూ వచ్చిన మార్కెట్ చట్టాలు, రైతు సొమ్ములోంచి ఏది తీయవచ్చో ఏది తీయకూడదో కట్టడి చెయ్యడానికి పుట్టినవే. అసలు దాత ఎవరో మరుగునపడి, మధ్యవాడు దాతగా చలామణీ కావడమన్న ఈ పాత జబ్బుని గుర్తుంచుకుంటే, ఇప్పటి గొడవలు సులువుగా అర్థమవుతాయి.

ఆ డబ్బు ఎవరిదన్న ప్రశ్న మన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఉత్తరప్రదేశ్ హాథ్రస్‌లోని బిజ్లీ కాటన్ మిల్స్ నూలు అమ్మేటప్పుడు కట్టకింత, బేలుకింత అని అణాల లెక్కన ధర్మాదా వసూలు చేసి విడిగా పద్దు రాసేది. ఇది మిల్లు ఆదాయమే, పన్ను కట్టాలి అంది ఆదాయపు పన్ను శాఖ. 1978 నవంబరులో తీర్పు వచ్చింది. ధర్మాదా అంటే దానానికి ఇచ్చిన సొమ్మని వర్తకంలో అందరికీ తెలుసు, కొన్నవాడు ఆ ఉద్దేశంతోనే ఇచ్చాడు, మిల్లు దాన్ని దానానికే వాడాలి, కాబట్టి అది మిల్లు ఆదాయం కాదు అని కోర్టు తేల్చింది. మిల్లు చేతులు కేవలం దాటవేసే చేతులు. ఈ ఒక్క మాట గల్లా దగ్గరి దానాల మీద ఇవాళ ఉన్న సగం అనుమానాలకు జవాబు.

అమెరికాలో 1983 నాటికి కథ ఒక మలుపు తిరిగింది. న్యూయార్క్ స్వేచ్ఛా ప్రతిమకి మరమ్మతులు చెయ్యాలి. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీ, ఆ ఏడు ఆఖరి మూడు నెలల్లో తమ కార్డు గీకిన ప్రతిసారీ ఒక సెంటు, కొత్త కార్డు తీసుకున్న ప్రతివాడి పేరునా ఒక డాలరు ఇస్తామంది. పదిహేడు లక్షల డాలర్లు పోగయ్యాయి. కార్డు వాడకం పావువంతుకు పైగా పెరిగింది. ఇంతకాలమూ దానం వ్యాపారం పక్కన నిలబడి చెయ్యి చాచింది. ఇప్పుడు దానమే వ్యాపారానికి సరుకైంది. ప్రకటనల వాళ్లకి ఈ లెక్క చప్పున తలకెక్కింది.

అదే ఏడు యూటా రాష్ట్రంలో గాయని మేరీ ఆస్మండ్, నటుడు జాన్ ష్నైడర్ మరికొందరితో కలిసి పిల్లల ఆసుపత్రుల కోసం ‘చిల్డ్రన్స్ మిరకిల్ నెట్‌వర్క్’ని మొదలుపెట్టారు. మొదట టీవీలో గంటల తరబడి చందాలు అడిగే కార్యక్రమం. తర్వాత దుకాణాలు. 1987లో వాల్‌మార్ట్, మరుసటి ఏడు కాస్ట్‌కో చేరాయి. ఇక్కడే ఒక కాగితపు బెలూన్ పుట్టుకొచ్చింది. అరచేతి కన్నా కాస్త పెద్ద అట్టముక్క, బెలూన్ ఆకారం, మధ్యలో పేరు రాసుకోడానికి ఖాళీ గీత. డాలరు ఇచ్చినవాడు మార్కర్ తీసుకుని తన పేరో మనవరాలి పేరో రాస్తాడు. క్యాషియర్ దాన్ని టేపుతో వెనక గోడకి అంటిస్తుంది. వారం తిరిగేసరికి గోడంతా బెలూన్లు, వాటి మీద వంకరటింకర రాతలతో ఊరి పేర్లన్నీ. కండరాల జబ్బుల సంస్థ ఆకుపచ్చని మూడాకుల అట్టలు అమ్మింది. ఇంకొకరు బూట్ల ఆకారాలు, ఇంకొకరు నక్షత్రాలు. చూడ్డానికి ముచ్చటే, కానీ ఆ గోడ ఇంకో పనీ చేసేది. క్యూలో వెనకాల నిలబడ్డవాడికి ఇచ్చిందెవరో తెలుస్తుంది, ఇవ్వనిదెవరో కూడా తెలుస్తుంది. ఆ మొహమాటం మీదే బెలూన్ ఎగిరింది.

అడిగే భారం పడింది గంటల లెక్కన జీతం తీసుకునే క్యాషియర్ మీద. ఏ షిఫ్టులో ఎన్ని బెలూన్లు అమ్ముడయ్యాయో మేనేజర్లు పట్టిక కడతారు, దుకాణాల మధ్య పోటీలు పెడతారు. రోజంతా వందలమందిని అదే ప్రశ్న అడిగి, విసుగు చూపుల్ని భరించేది ఆ మనిషే. నెలాఖరున తన అద్దెకే తడుముకునే మనిషి! దీన్ని ఏ సంస్థా తన వార్షిక నివేదికలో రాయదు. 2015లో ‘సౌత్ పార్క్’ అనే వ్యంగ్య కార్టూన్ సీరియల్, బిల్లు కట్టేచోట క్యాషియర్ దానం అడిగి నలుగురిలో పరువు తీసే దృశ్యాలు పెడితే దేశమంతా నవ్వింది. ఎవరికి వాళ్లకి తమ ఊరి దుకాణమే గుర్తొచ్చింది.

బ్రిటన్‌లో ఈ మొహమాటం వేరే రూపంలో ఉండేది. 1960ల తర్వాత అక్కడి బజార్లలో ప్రతి రెండో దుకాణం ముందూ ఒక ఆడపిల్ల బొమ్మ నిలబడేది. కాలికి ఇనుప కడ్డీల కట్టు, చంకలో టెడ్డీ ఎలుగుబంటి, చేతిలో డబ్బా. వికలాంగుల కోసం పనిచేసే స్పాస్టిక్స్ సొసైటీ పెట్టిన బొమ్మ అది. రాత్రి షాపు కట్టేసేటప్పుడు లోపలికి మోసుకెళ్లేవారు, పొద్దున్నే మళ్లీ గుమ్మంలో నిలబెట్టేవారు. వికలాంగులే దీన్ని అసహ్యించుకున్నారు. మా బతుకు అంటే మీ జాలేనా, మాకు కావలసింది పనీ మెట్లులేని దారీ అన్నారు. బొమ్మలు మెల్లగా మాయమయ్యాయి, 1994లో సంస్థ పేరు కూడా స్కోప్ అని మారింది. 2000ల మొదట్లో శిల్పి డేమియన్ హర్స్ట్ ఆ పిల్లనే 22 అడుగుల ఎత్తు కంచు విగ్రహంగా పోతపోశాడు. డబ్బా పగలగొట్టి ఉంటుంది, పక్కన గడ్డపార, కింద చెల్లాచెదురైన నాణేలు. పేరు ‘చారిటీ’.

2010 నవంబరులో బ్రిటన్‌లో ‘పెన్నీస్’ అనే సంస్థ ఈ డబ్బాని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. మొదట డొమినోస్ పిజ్జా వెబ్‌సైట్‌లో, తర్వాత దుకాణాల కార్డు యంత్రాల్లో. వాళ్లు పెట్టుకున్న నియమాలు గమనించదగ్గవి. మొత్తం పెన్నీలలో ఉండాలి, మీట నొక్కితేనే పోవాలి, ఇచ్చినవాడి పేరూ ఫోన్ నంబరూ అడగకూడదు, తర్వాత ఉత్తరాలు రాసి వేధించకూడదు. అమెరికాలో మాత్రం మొత్తం పెంచే వైపే మొగ్గారు. పది లక్షల డాలర్లు దాటిన కార్యక్రమాల్ని లెక్కించే ఒక నివేదిక ప్రకారం 2012లో అలాంటివి 63, వచ్చింది 35.8 కోట్ల డాలర్లు. 2022లో 77 కార్యక్రమాలకు వచ్చింది 74.9 కోట్లు. పదేళ్లలో కార్యక్రమాలు పెద్దగా పెరగలేదు, సొమ్ము రెట్టింపయింది. కారణం చాలామటుకు ఆ ‘రౌండప్’ మీటే. డాలరు ఇమ్మంటే ఆలోచించేవాడు, ముప్ఫైయేడు సెంట్లంటే ఆలోచించడు. మెక్సికోలో క్యాషియర్లు ‘రెదోందెయో’ అని ఇదే అడుగుతారు, అక్కడి సెంటావోలకి విలువ అంతంతే కాబట్టి జనం సరే అంటారు. అమెరికా 2025 నవంబరులో ఒక సెంటు నాణెం తయారీ ఆపేసింది. నగదు బిల్లుని దగ్గరి అంకెకి సర్దడం ఇక అక్కడ నిత్యకృత్యమయ్యేలా ఉంది.

మనుషులు ఇష్టంగా ఇస్తారా, తప్పించుకోలేక ఇస్తారా? దీనికి ఒక మంచి పరీక్ష ఉంది. జేమ్స్ ఆండ్రియోనీ, మరో ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు క్రిస్మస్ రోజుల్లో బోస్టన్ దగ్గర ఒక సూపర్ మార్కెట్ గుమ్మాల్లో సాల్వేషన్ ఆర్మీ గంటల మనుషుల్ని నిలబెట్టారు. కొన్నిసార్లు ఒకే గుమ్మంలో, కొన్నిసార్లు రెండింటిలో. కొన్నిసార్లు మౌనంగా, కొన్నిసార్లు ‘దయచేసి ఇవ్వండి’ అంటూ. నోరు తెరిచి అడిగినప్పుడు ఇచ్చినవాళ్లు బాగా పెరిగారు. అదే సమయంలో, రెండో గుమ్మం ఖాళీగా ఉంటే దాదాపు మూడోవంతు జనం చుట్టూ తిరిగి అటునుంచి పోయారు! 2017లో అచ్చయిన ఈ పరిశోధన సారం నాకు ఇలా తోస్తుంది: వాళ్లు పిసినారులు కారు. ఎదురుపడితే కాదనలేమని తెలిసినవాళ్లు. కార్డు యంత్రం ముందు ఆ రెండో గుమ్మం లేదు.

ఇక అమెరికాలోనూ ఇక్కడా ఏటా తిరిగే పుకారొకటి. మనమిచ్చిన చిల్లర చూపించి కంపెనీ తన పన్ను తగ్గించుకుంటుంది అని. ఇది నిజం కాదు. దుకాణం ఆ సొమ్ముని తన ఆదాయంగా చూపదు కాబట్టి తన దానంగానూ చూపుకోలేదు. హాథ్రస్ మిల్లు కేసులో మన కోర్టు చెప్పినదీ ఇదే తర్కం. పన్ను రాయితీ హక్కు ఇచ్చినవాడిది. మనదగ్గర పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు, సంస్థకి గుర్తింపు ఉండి, తమ పేర రసీదు వస్తే ఆ రాయితీ అడగవచ్చు. రెండు రూపాయలకి ఎవరు అడుగుతారు? ఎవరూ అడగరు. కంపెనీకి దక్కేది పన్ను కాదు, పేరు. ‘మేము ఇన్ని కోట్లు సేకరించాం’ అన్న ప్రకటనలో ‘మా కస్టమర్లు’ అన్న మాట చిన్న అక్షరాల్లోకి జారిపోతుంది. సత్రం ముందు శిలాఫలకం ఇంకా పోలేదన్నమాట.

మన ఫోన్లలోకి ఇది వచ్చిన తీరులోనే అసలు చిక్కుంది. బుక్‌మైషోలో టికెట్టుకి ఒక రూపాయి చొప్పున ‘బుక్ ఎ స్మైల్’కని బిల్లులో ముందే చేరి ఉండేది. వద్దనుకున్నవాడు వెతికి తీసెయ్యాలి. ‘ఫీడింగ్ ఇండియా’ని 2019లో కలుపుకున్న జొమాటోలోనూ బిల్లు చివర విరాళం వరస కనిపిస్తుంది. ఆ డబ్బుతో పిల్లలకి అన్నం, చదువు అందవచ్చు, దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. కానీ టిక్కు ముందే పెట్టి ఉంటే అడిగినట్టు కాదు, ధర్మాదాలాగా వేసెయ్యడమే. పెన్నీస్ వాళ్లు పెట్టుకున్న మొదటి నియమాన్నే ఇది తలకిందులు చేస్తుంది.

2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ‘డార్క్ ప్యాటర్న్స్’, అంటే కొనేవాణ్ణి బోల్తాకొట్టించే తెరల మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. పదమూడు రకాల మోసాల్ని పేర్కొంది. అందులో ‘బాస్కెట్ స్నీకింగ్’ ఒకటి. కొనేవాడి అనుమతి లేకుండా బిల్లులో సరుకులో సేవలో చేర్చడంతోపాటు, దానధర్మాల పేరిట సొమ్ము చేర్చడం కూడా అందులోకే వస్తుందని స్పష్టంగా రాసింది. వద్దన్నవాణ్ణి సిగ్గుపరిచే మాటలు తెరమీద పెట్టడం ‘కన్ఫర్మ్ షేమింగ్’ కింద మరో తప్పు. దానం అడగడాన్ని ఈ మార్గదర్శకాలు ఆపలేదు. అడక్కుండా తీసుకోవడాన్ని ఆపాయి.

కాబట్టి ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, పది సెంట్ల నాణేలతోనే పోలియో టీకా పుట్టింది. డబ్బు ఏ సంస్థకి పోతుందో తెరమీద పేరుందా అని మాత్రం ఒకసారి చూడండి. పేరు లేకపోతే వద్దనండి, క్యాషియర్ మీద విసుక్కోకండి, ఆ ప్రశ్న ఆమె రాసింది కాదు. మీరు టిక్కు పెట్టకుండానే విరాళం బిల్లులో చేరి ఉంటే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుని, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫిర్యాదు చెయ్యండి. నంబరు 1915.